బిట్లన్నీ నోటికి చెప్పిన అమ్మాయి

ఉమ్మడి రాష్ట్రంలో టెన్త్ రాసినవాళ్లకు ఆ 11 పేపర్లు గుర్తుండే ఉంటాయి. హిందీ తప్ప అన్ని సబ్జెక్టులకూ రెండేసి. జనరల్ సైన్స్‌లో మొదటిది ఫిజికల్ సైన్స్, రెండోది బయాలజీ. పార్ట్-ఎకు 35 మార్కులు, చివరి అరగంటలో ఇచ్చే బిట్ పేపర్‌కు 15. పార్ట్-ఎ ప్రశ్నపత్రం మనతో ఇంటికొచ్చేది. బిట్ పేపర్ మాత్రం దాని మీదే జవాబులు రాసి, జవాబు పత్రంతో కలిపి దారం కట్టి ఇచ్చేయాలి. అందుకే బయటికి రాగానే గొడవంతా బిట్ల మీదే. ఏ ఆప్షన్ ఎక్కడుందో జ్ఞాపకం మీదే తేలాలి.

మా 2001 బ్యాచ్‌లో అంత జ్ఞాపకం ఒక్క అమ్మాయికే ఉండేది. సెంటర్ బయట అరుగు మీద కూర్చుని, పరీక్ష అట్ట వెనక నంబర్లు వేసుకుంటూ మొదటి బిట్టు నుంచి చివరిదాకా చెప్పేది.

"స్క్రూగేజీ బిట్టుకు ఏం పెట్టినవే?" అని అడిగితే చాలు, పెన్ను తీసేది. సన్నని తీగల మందం కొలిచే ఆ పరికరంలో, తిరిగే తల స్కేలు సున్నా సూచిక రేఖకు పైన ఉంటే శూన్యాంశ దోషం (ఏమీ పెట్టకముందే చూపించే తేడా) ఋణాత్మకం, సవరణ ధనాత్మకం. చాలామందికి అక్కడే తికమక. పెన్ను క్యాప్‌ను మెల్లగా తిప్పుతూ, "సున్నా గీత దాటి పోయింది చూడు. అంటే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తది. తక్కువ చూపిస్తే మనం కలపాలె గదా" అంది. ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

బయాలజీ కూడా అయిపోయాక ఇక సోషల్ ఒక్కటే. టెన్షన్ తగ్గింది, మాటలు ముందు సంగతుల మీదికి మళ్లాయి. మగపిల్లలు ఎంపీసీ అన్నారు, ఎంసెట్ అన్నారు, కొందరు పాలిటెక్నిక్, ఐటీఐ. ఆడపిల్లలం మాత్రం పంపిస్తే బైపీసీ, పంపిస్తే సీఈసీ అనుకున్నాం. ఆమె బైపీసీ అంది. కిడ్నీలోని నెఫ్రాన్ పటం ఆమె అంత శుభ్రంగా మా క్లాసులో ఎవరూ గీసేవాళ్లు కాదు.

సైన్స్‌లో మా బడికి ఫస్ట్ ఆమే. కానీ చదువు అక్కడే ఆగింది. అమ్మానాన్నలకు ఇష్టం లేక కాదు. జూనియర్ కాలేజీ పట్నంలో, తిరుగు బస్సు చీకటిపడ్డాక. నెలనెలా చార్జీలు. ఇంట్లో లెక్క కుదరలేదు.

తర్వాత ఆమె అర్హత పరీక్ష రాసి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసింది. ఇప్పుడు మన ఊళ్లోనే అంగన్‌వాడీ టీచర్. మొన్న వెళ్లినప్పుడు ఒక పసివాడి జబ్బకు టేపు చుట్టి కొలుస్తోంది. బిగించలేదు, వదులూ చేయలేదు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే తీవ్ర పోషకాహార లోపమని తల్లికి ఓపిగ్గా వివరిస్తోంది. ఎంత మంచి డాక్టరయ్యేదో అనిపించింది. ఈ ఊరికి ఆమె చేస్తున్నదీ తక్కువ పనేమీ కాదు.

2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత బస్సు మొదలైనప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆమే. చార్జీల బెంగ తీరింది. కానీ ఏ దారులున్నాయో తెలియక ఆగిపోయే పిల్లలు ఇంకా ఉన్నారు. టెన్త్ మార్కులతోనే సీటిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్‌కు రాసే పాలిసెట్ పరీక్ష, హాస్టల్ ఉన్న గురుకుల జూనియర్ కాలేజీలు, ఇంటర్ దాకా పెంచిన కస్తూర్బా విద్యాలయాలు... వీటి గురించి ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఎందరికి ఉంటారు?

మన పూర్వ విద్యార్థుల సంఘానికి నాదొక విన్నపం. ఏటా చివరి పరీక్ష మర్నాడు బడిలోనే పిల్లల్ని, వాళ్లతోపాటు తల్లిదండ్రుల్ని కూడా పిలుద్దాం. నిర్ణయం జరిగేది ఇంట్లోనే కాబట్టి వాళ్లు తప్పకుండా రావాలి. బస్ టైములు, దరఖాస్తు తేదీలు, హాస్టల్ వివరాలతో కాగితం నేను తయారుచేస్తాను. తల్లులతో మాట్లాడతానని ఆమె ఒప్పుకుంది.