ఆ రాత్రి ఆమె పిలుపు నాకు వినిపించింది

రాత్రి రెండు దాటి ఉంటుంది. స్నానాల గదిలో బకెట్టు దొర్లిన చప్పుడు, ఆ వెంటనే నా భార్య గొంతు. "ఏమండీ, ఒకసారి ఇలా రండి, పడిపోయాను."

నేను మెలకువగానే ఉన్నాను. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. లేవాలని తెలుసు. కాళ్లూ చేతులూ చచ్చుబడిపోలేదు. అయినా లేవలేదు. "లేవాలి" అన్న ఆలోచన వచ్చి అక్కడే ఆగిపోయింది. భయం వేయలేదు, జాలి కలగలేదు, కనీసం విసుగైనా రాలేదు. పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆమె ఇంకో మూడుసార్లు పిలిచింది. తరువాత పిలవడం మానేసి, గోడ పట్టుకుని తనంతట తానే లేచి, కుంటుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చుంది. నా ముఖంలోకి చూసింది. నా కళ్లు తెరిచే ఉన్నాయి.

ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అప్పటికి ఏడాదిగా నాలో ఏదో ఆరిపోతూ వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. పేపరు చేతికిస్తే పట్టుకుని కూర్చునేవాణ్ణి, పేజీ తిప్పేవాణ్ణి కాదు. మనవరాలు ఫోనులో మాట్లాడుతుంటే వినేవాణ్ణి, బదులు చెప్పేవాణ్ణి కాదు. దిగులుగా ఉన్నారేమోనని అందరూ అడిగారు. దిగులు కాదు. దిగులుపడాలన్నా లోపల ఒకరుండాలి కదా. మొదటి డాక్టరు దిగులు తగ్గడానికి మాత్రలు రాశారు. వాటివల్ల ఏమీ కాకపోయేసరికి నా ఎదుటే నా భార్యతో అన్నారు: "డిమెన్షియా మొదలైనట్టుంది. వయసు కదమ్మా. ఇక ఈయన నుంచి ఏమీ ఆశించకండి."

ఆ మాటకు ఆమె ముఖం ఎలా పాలిపోయిందో ఇప్పుడు గుర్తుకొస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం గోడమీది గడియారం చూస్తున్నాను. మా బావమరిది ఇంకో మాట అన్నాడు. "బావగారికేం, ఏ చింతా లేదు, రాజాలా కూర్చున్నారు." ఆమె నన్ను లేపి, నడిపించి, తడిసిన పక్కబట్టలు మార్చి, అలసి సొలసి ఉన్న పూట అన్నాడు. అతన్ని క్షమించాను. ఆ డాక్టరును ఇంకా క్షమించలేదు.

రెండో డాక్టరు దగ్గరికి మా అబ్బాయి పట్టుబట్టి తీసుకెళ్లాడు. ఆవిడ నేను గుమ్మం నుంచి కుర్చీ దాకా రావడాన్నే చూస్తూ కూర్చున్నారు. వెనక్కి తిరగమన్నారు. తిరగడానికి ఎనిమిది చిన్న చిన్న అడుగులు పట్టాయి. "కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఎన్నాళ్లుగా నడుస్తున్నారు?" అని అడిగారు. మొదటాయన నన్ను మూడుసార్లు చూశారు. ఒక్కసారీ నడవమనలేదు.

జబ్బు పేరు నార్మల్ ప్రెజర్ హైడ్రోసెఫలస్. మెదడు లోపల గదుల్లాంటి ఖాళీలుంటాయి. వాటిలో రోజుకు సుమారు అర లీటరు ద్రవం ఊరుతుంది, ఊరినంతా తిరిగి రక్తంలో కలిసిపోతుంది. కలవడం కుంటుపడితే గదులు ఉబ్బుతాయి. నడక తడబడటం, మూత్రం ఆపుకోలేకపోవడం, బుద్ధి మందగించడం దీని మూడు గుర్తులు. సాలమన్ హకీమ్, రేమండ్ ఆడమ్స్ అనే వైద్యులు 1965లోనే దీన్ని వివరంగా రాశారు. అన్నేళ్లుగా పుస్తకాల్లో ఉన్న జబ్బు! మూడు గుర్తులూ నాలో ఉన్నాయి. అడిగినవారే లేరు.

మందుల చీటీ వెనక ఆవిడ ఒక బొమ్మ గీశారు. నుదుటి వెనక మెదడు మధ్యగా యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం, ఇంకా లోతున స్ట్రయేటమ్. ఒక పనికి ఎంత శ్రమ పడాలి, పడితే ఏం దక్కుతుంది అని తూచి, మనిషిని కదిలించేది ఈ రెండింటి మధ్య నడిచే దారులు. డోపమైన్ అనే మెదడులోని రసాయనం వాటికి ఊతం. నాలో ఉబ్బిన గదులు ఆ దారుల్ని సాగదీసి నొక్కుతున్నాయని చెప్పారు. అల్జీమర్స్‌లో అదే సింగ్యులేట్ దెబ్బతిని కుంచించుకుపోతుంది. ఆ రోగుల ప్రవర్తనలో వచ్చే మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ నిరాసక్తతే. జ్ఞాపకం ఇంకా కొంత మిగిలి ఉండగానే ఇది మొదలుకావచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు, మొండితనం అంటారు, ప్రేమ లేకపోవడం అంటారు.

నడుము దగ్గర సూదితో కొంత ద్రవం తీసి, ముందూ తరువాతా నన్ను నడిపించి చూశారు. ఆ సాయంత్రం గోడ పట్టుకోకుండా వరండా చివరిదాకా వెళ్లాను. తరువాత షంట్ వేశారు. మెదడు నుంచి పొట్టలోకి చర్మం కింద సన్నని గొట్టం. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడో వారంలో ఒక ఉదయం కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంటే లేచి వెళ్లి గడియ పెట్టాను. ఎవరూ చెప్పలేదు. వంటగదిలోంచి ఆమె చూసి ఏడ్చింది. ఆ డాక్టరుకూ మా అబ్బాయికీ నేను జన్మంతా రుణపడి ఉంటాను. దేవుడి దయ అని ఆమె అంటుంది, కాదనను.

అందరికీ ఇలా జరగదు. షంట్ వేసినా ఫలితం లేనివారున్నారు. నాకూ పేర్లు ఇంకా జారిపోతుంటాయి. డాక్టరు గది బయట కలిసిన ఒకాయన భార్యకు అల్జీమర్స్. ఆమెకు గొట్టం వేసి బాగుచేసే దారి లేదు. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో 200 మంది అల్జీమర్స్ రోగుల్లో సగం మందికి ఆరు నెలలు మిథైల్‌ఫెనిడేట్ అనే మందు ఇచ్చారు. వారిలో నిరాసక్తత కొంత తగ్గిందనీ, జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదనీ తేలింది. ఆ మందు తన భార్యకు పనికొస్తుందో లేదో డాక్టరునే అడగాలనుకున్నారాయన. నన్ను మాత్రం "లోపల ఎలా ఉండేదండీ?" అని అడిగారు.

"'ఏం చేద్దాం' అని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు పుట్టే చోటే పాడైంది. దువ్వెన చేతిలో పెట్టండి. చేయి పట్టి మొదటిసారి మీరే దువ్వించండి. మొదలుపెడితే సాగుతుంది, నాకు సాగేది" అని చెప్పాను. "మీమీద ప్రేమ లేక కాదు" అని కూడా చెప్పాను. ఆయన తల దించుకుని చాలాసేపు ఉండిపోయారు. వారం తరువాత ఫోను చేసి, ఆమె సగం తల దువ్వుకుందని చెప్పారు.

ఆ మాట నా భార్యకు మాత్రం నేను చెప్పలేకపోయాను. నాలుగో నెలలో ఆమే అడిగింది, బట్టలు మడతపెడుతూ, నావైపు చూడకుండా. "ఆ రాత్రి నేను పిలిచింది మీకు వినిపించిందా?"

వినిపించలేదంటే అక్కడితో పోయేది. "వినిపించింది" అన్నాను.

చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడింది. "కళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారేమో అనుకుని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను" అంది.

ఏం చెప్పాలో తోచక, దాచిపెట్టుకున్న మందుల చీటీ తెచ్చి వెనక్కి తిప్పి చూపించాను. డాక్టరు ఎర్ర కలంతో చుట్టిన చోట ఆమె వేలు పెట్టింది.

"ఇక్కడేనా?"

"అక్కడే."

చాలాసేపు చూసింది. తరువాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నాకు తిరిగి ఇవ్వకుండా, తన బీరువాలో పెట్టుకుంది.