మోటారు మార్చాలన్నారు, నట్టు బిగిస్తే సరిపోయింది

మొన్న గుంటూరు నుంచి బెజవాడ వస్తుంటే కాజ టోల్‌గేటు దాటగానే వాన దంచింది. వైపర్లు వేశాను. ఎడమ వైపుది బాగానే ఊగుతోంది, సరిగ్గా నా ముందున్నది మాత్రం సగం దాకా లేచి అక్కడే వణుకుతోంది. అంతలో పక్క నుంచి వెళ్ళిన లారీ అద్దం నిండా బురద కొట్టింది. నీళ్ళు కొడదామని లివర్ లాగితే పంపు జుయ్‌మంటోంది, చుక్క లేదు. టెన్షన్‌గా మెల్లగా మంగళగిరి చేరి, వాన తగ్గేదాకా టీకొట్టు దగ్గర ఆగిపోయాను.

మర్నాడు ఆటోనగర్‌లో ఒక షాపులో చూపిస్తే, బానెట్ కూడా ఎత్తకుండానే "మోటారు పోయింది సార్, నాలుగున్నర వేలు" అన్నాడు. నా బండిలో రెండు వైపర్లకీ మోటారు ఒకటే. అదే పోతే రెండో చెయ్యి ఎలా ఊగుతోంది? ఫ్యూజు పోయినా రెండూ ఆగిపోవాలి కదా. రేపొస్తానని చెప్పి ఇంటికొచ్చేశాను.

మా పక్కింటి బాబాయ్ ఒకప్పుడు లారీ నడిపినాయన, ఇంట్లో పానాలన్నీ ఉంటాయి. వైపర్ చెయ్యి మొదట్లో ప్లాస్టిక్ మూత పీకితే నట్టు ఉంది, వేలితో తిప్పితే తిరిగిపోతోంది! లోపల ఇరుసు తిరుగుతోంది కానీ చెయ్యి దాన్ని పట్టుకోక జారుతోంది, అంతే సంగతి. చెయ్యి ఊడదీసి, అది ఇరుసును పట్టుకునే పళ్ళలో పేరుకున్న బూడిదలాంటి పొడిని పాత టూత్‌బ్రష్‌తో దులిపాం. పళ్ళు అరిగిపోయి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, చెయ్యే మార్చాలిరా అన్నాడు బాబాయ్. మావి బాగానే ఉన్నాయి. బిగించేముందు స్విచ్ ఒకసారి వేసి ఆపాలట, ఇరుసు తన మామూలు చోటికొచ్చి ఆగాక, రెండో చేతికి సరిసమానంగా పెట్టి బిగించాలి. నేను తొందరపడి కాస్త కిందికి పెట్టేశాను, వేయగానే కింది ప్లాస్టిక్‌కి ఠక్ ఠక్‌మని కొట్టుకుంది. మళ్ళీ విప్పాల్సొచ్చింది.

ఇక నీళ్ళ సంగతి. పంపు మోగుతోంది, ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. బానెట్ కింద, అద్దం మీదికి నీళ్ళు చిమ్మే నాజిల్ దగ్గర సన్న గొట్టం ఊడదీసి మా అబ్బాయిని లివర్ లాగమంటే, నీళ్ళు సూటిగా బాబాయ్ చొక్కా మీద! అంటే గొట్టం బాగానే ఉంది, అడ్డమంతా నాజిల్‌లోనే. రెండేళ్ళుగా నేను పోస్తున్నది మా బోరు నీళ్ళు మరి, ఆ ఉప్పంతా కట్టేసింది. గుండుసూదితో నాజిల్ కన్నుల్లో ఒకటి తెరుచుకుంది, రెండోది రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే గానీ దారికి రాలేదు. ఇప్పుడు ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టి ఆ నీళ్ళే పోస్తున్నాను.

కుడి కన్ను నుంచి వచ్చే ధార మాత్రం ఇంకా టాపు దాటి వెనకొచ్చే బైకువాళ్ళ మీద పడుతోంది. ఆదివారం సూదితో కాస్త కిందికి తిప్పాలి.