మూడేళ్లు బిగించాను, నాలుగో ఏడు వదిలాను

మా తమ్ముడు కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడినవాడు, బరువు నాకంటే ముప్పై కేజీలు ఎక్కువ. నేను తైచీ అనే చైనా యుద్ధకళ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వాడు సంక్రాంతికి వచ్చినప్పుడల్లా శ్రీకాకుళంలో మా డాబా మీద ఒక పరీక్ష జరుగుతుంది. నేను కుడి ముంజేతిని ఛాతీకి ఎదురుగా గుండ్రంగా పెట్టి నిలబడతాను, వాడు దాని మీద రెండు అరచేతులూ ఆనించి మెల్లగా తోస్తాడు. మూడు సంక్రాంతులు నేను తూలిపోయి వెనక పిట్టగోడకి తగిలాను. ఈసారి తగల్లేదు. వాడు బరువు పెంచినకొద్దీ నా పాదాలు నేలని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నట్టయింది, వాడి మడమలేమో కొద్దికొద్దిగా పైకి లేచాయి. "ఏటక్కా, చెయ్యి బిగించేసావా?" అని ముంజెయ్యి నొక్కి చూశాడు. మెత్తగా ఉంది.

అప్పటికప్పుడు వాడికి చెప్పబోతే మాటలు దొరకలేదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇలా మెత్తగా ఉంటూనే లొంగని బలాన్ని చైనావాళ్లు పెంగ్ అంటారు. తైచీలో ఎనిమిది జిన్‌లు చెప్తారు: పెంగ్, లు, జీ, ఆన్, త్సాయ్, లియె, జౌ, కావ్. జిన్ అంటే సాధన చేస్తే వచ్చే బలం. మామూలు కండబలానికి లి అని వేరే మాట ఉంది. ఎనిమిదింట్లో మొదటిది పెంగ్, పేరు మొదట ఉండటానికి కారణం కూడా ఉంది, అది లేకపోతే మిగతా ఏడూ చేతులు ఊపడం కిందే లెక్క. తైచీ శైలుల్లో ఒకటైన యాంగ్ శైలిలో 'పిచ్చుక తోక పట్టడం' అనే వరస ఉంటుంది, దాంట్లో పెంగ్, లు, జీ, ఆన్ నాలుగూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, అక్కడ పెంగ్ అంటే ముంజేతిని ముందుకీ పైకీ తీసుకెళ్లే ఒక కదలిక. కానీ అదే మాటని ఇంకో అర్థంలో కూడా వాడతారు: ఏ కదలికలో ఉన్నా ఒంట్లో అన్ని వైపులకీ ఉండాల్సిన ఒక నిండుతనం. నేను నేర్చుకోలేకపోయింది ఈ రెండోదాన్ని. ఇంగ్లీషు పుస్తకాల్లో పెంగ్‌ని 'వార్డ్ ఆఫ్' అని రాస్తారు, అంటే అడ్డుకోవడం. ఆ మాట చదివి నేను నిజంగానే అడ్డుకోవడం మొదలుపెట్టాను.

అయితే అసలు తప్పు అంతకన్నా ముందే నా బుర్రలో ఉంది. మా జిల్లాలో పుట్టి పెరిగిన ఎవరికైనా బలం అనగానే గుర్తొచ్చేది వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు. మా ఊళ్లో స్టేడియానికి కూడా ఆయన పేరే. ఆయన ఛాతీకి ఇనప గొలుసు చుట్టించుకుని, గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీ పెంచి దాన్ని పటుక్కున తెంపేవారని మా తాతయ్య ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ తనూ ఊపిరి పీల్చి చూపించేవాడు. అది మామూలు సాధన కాదు, ఆ మహానుభావుడి మీద నా గౌరవం ఇప్పటికీ అంతే. కాకపోతే పెంగ్ అంటే 'లోపల్నుంచి విప్పారే శక్తి' అని నాకు తైచీ నేర్పే సార్ చెప్పినప్పుడు నా మనసులో ఆ గొలుసు బొమ్మే వచ్చి కూర్చుంది. అలాగే చేశాను, ఛాతీ నింపి, చెయ్యి బిగించి, దవడ కూడా బిగించి. రెండో ఏడు కుడి భుజం నొప్పి పట్టుకుంది, రాత్రుళ్లు ఆ వైపు తిరిగి పడుకోలేకపోయేదాన్ని.

బిగిస్తే ఏమవుతుందో ఇప్పుడు తెలుసు. మోచేతి దగ్గర చేతిని వంచే కండ, చాచే కండ రెండూ ఒకేసారి బిగుసుకుంటే అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, చెయ్యి కర్రలా అయిపోతుంది. కర్ర కొసని తోస్తే ఆ తోపు అంతా రెండో కొసకి, అంటే భుజానికి చేరి అక్కడే ఆగిపోతుంది. భుజం నడుముకంటే ఎత్తులో ఉంటుంది కదా, అక్కడ తోపు ఆగితే మనిషి వెనక్కి తూలడం తప్ప ఇంకేం జరుగుతుంది. అదే కీళ్లు వదులుగా, తెరుచుకుని ఉంటే వచ్చిన తోపు వీపు మీదుగా నడుముకీ, తుంటికీ, పాదానికీ దిగుతుంది. నేల దాన్ని మోస్తుంది. నేల తిరిగి ఇచ్చిందే మళ్లీ ముంజేతి దగ్గర అవతలివాళ్లకి తగులుతుంది.

ఇది నాకు చెప్తే అర్థం కాలేదు, ముట్టుకుంటే అర్థమైంది. నేను నెలకి రెండుసార్లు ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి నేర్చుకుంటాను. ఒకరోజు సార్ తన ముంజెయ్యి ఇచ్చి "తొయ్యండమ్మా" అన్నారు. ఆయనకి అరవై దాటాయి, సన్నగా ఉంటారు. తోశాను. చిన్నప్పుడు నాగావళిలో లారీ ట్యూబు మీద బోర్లా పడుకునేవాళ్లం, అచ్చంగా అలా ఉంది. గట్టిగా లేదు, అలాగని లొంగలేదు. ఎక్కడ నొక్కినా ట్యూబు మొత్తం జవాబు చెప్పినట్టు, నేను ముంజేతిని నొక్కితే ఆయన వీపు, కాళ్లు అన్నీ కలిసి నన్ను మోశాయి. తిరుగు రైల్లో ఆ స్పర్శే చేతికి ఉండిపోయింది. పెంగ్‌కి తెలుగులో ఏమనాలా అని ఆ రోజే ఆలోచించాను. తోపు కాదు, బిగువు కాదు. పొంగు అనుకున్నాను, పూరీ పొంగినట్టు, లోపలిది అన్ని వైపులకీ సమానంగా నిండటం. శబ్దం కూడా దగ్గరగా కలిసింది, అది నా సంతోషం.

ఆ రైలు పొందూరు మీదుగా వస్తుంది. అది మా మామ్మ ఊరు. మామ్మ నూలు వడికేది. పొందూరు ఖద్దరు సంగతి చాలామందికి తెలుసు, పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు, ఆ సన్నని పళ్ల మధ్య నుంచి పత్తి పొగలా తేలికైపోయి వస్తుంది. మామ్మ కుడి చేత్తో రాట్నం తిప్పుతూ ఎడమ చేత్తో ఏకు పట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకెళ్లేది, కదురు కొన నుంచి వేళ్ల దాకా కంటికి ఆనీ ఆనని దారం. నేను కూర్చుంటే నాలుగో తిప్పుకే పుటుక్కుమనేది. "నాగకే పిల్లా, రానీ. అదే వస్తాది" అనేది. అలాగని వదిలేస్తే దారం మెలికలు పడి ముడి అయిపోయేది. లాగకూడదు, వదలకూడదు.

తైచీ పుట్టిల్లు హెనాన్ రాష్ట్రంలో వెన్ జిల్లాలో ఉన్న చెన్‌జియాగౌ అనే పల్లె. అక్కడి చెన్ కుటుంబం పేరున్న చెన్ శైలిలో ముఖ్యమైన సాధన చాన్ స్సు, పట్టుదారం చుట్టడం అని దాని అర్థం, దాన్ని పట్టుగూడు నుంచి దారం తియ్యడంతో పోలుస్తారు. గట్టిగా లాగితే తెగుతుంది, ఆగి ఆగి తీస్తే చిక్కు పడుతుంది, ఒకే తీరున తియ్యాలి. ఇది విన్నప్పుడు నాకు మామ్మ ఎడమ చెయ్యే కనిపించింది. కదురుకీ వేళ్లకీ మధ్య ఆ దారంలో ఎప్పుడూ ఉండే సన్నని బిర్రు ఉంది చూడండి, పాదం నుంచి చేతివేళ్ల దాకా మన ఒంట్లో ఉండాల్సింది అదే. దారం తెగితే పెంగ్ పోయింది, ముడి పడితే లి వచ్చింది. పాత తైచీ పాటల్లో ఒకటి పెంగ్‌ని పడవని మోసే నీళ్లతో పోలుస్తుంది. కళింగపట్నంలో పడవ ఎక్కినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంకో మనిషి ఎక్కితే పడవ వేలెడు దిగుతుంది, నీళ్లు అంతే ఎక్కువ మోస్తాయి. ఎంత మొయ్యాలో నీళ్లు ముందే లెక్క వేసుకుని కూర్చోవు.

ఇక సాధన. నేను రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి డాబా మీద ఇరవై నిమిషాలు ఊరికే నిలబడతాను. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొంచెం వంచి. మోకాళ్లు కాలివేళ్లని దాటి ముందుకు పోకూడదు, పాదం ఎటుందో మోకాలు అటే ఉండాలి, దీంట్లో అశ్రద్ధ చేసి మోకాళ్లు పాడుచేసుకున్నవాళ్లని చూశాను. చేతులు పెద్ద గంగాళాన్ని కావలించుకున్నట్టు గుండ్రంగా. నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని నిండు బిందె మోస్తున్నట్టు అనుకుంటే మెడ తనంతట తనే నిలబడుతుంది, గడ్డం కొంచెం లోపలికి వస్తుంది. చంకలో కోడిగుడ్డు పట్టేంత సందు ఉండాలి, ఆ సందు మూసుకుపోయిందంటే చెయ్యి వీపు నుంచి తెగిపోయినట్టే. యాంగ్ శైలి గురువు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) చెప్పిన పది సూత్రాల్లో ఛాతీని లోపలికి వదిలి వీపు నిండనివ్వడం ఒకటి, భుజాలు దించి మోచేతులు వేలాడనివ్వడం ఒకటి, లి వాడకుండా మనసుతో నడపడం ఒకటి. నేను మూడేళ్లు ఈ మూడింటికీ సరిగ్గా ఎదురు చేశాను.

నిలబడ్డాక చేసే పని అంతా వదలడమే. దీన్ని సోంగ్ అంటారు. నీరసపడటం వేరు, ఇది వేరు, నీరసపడితే గంగాళం జారిపోతుంది. ఎనిమిది నిమిషాలకల్లా నా భుజాలు నాకు తెలియకుండానే చెవుల వైపు వచ్చేస్తాయి. గమనించి దించుతాను. మళ్లీ వస్తాయి. మొదట్లో దీనికి చాలా టెన్షన్ పడేదాన్ని, ఇప్పుడు ఆ గమనించి దించడమే ఆ పూట సాధన అనుకుంటాను. తొడలు వణుకుతాయి, వణకనివ్వాలి. కొన్ని వారాలకి, బిగువు పోయిన చోటల్లా ఏదో నిండుతున్నట్టు ఉంటుంది, ముంజేతులు ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు తేలతాయి. అరచేతులు వెచ్చబడతాయి, దానికి పెద్ద అర్థాలు తియ్యకండి, బిగుసుకున్న చోటు వదులైతే రక్తం బాగా పారుతుంది. ఈ నిండుతనం వచ్చాకే రెండు దిక్కులు కలపాలి: చెయ్యి ముందుకి వెళ్తుంటే రెక్కల మధ్య వీపు వెనక్కి, నడినెత్తి పైకి వెళ్తుంటే వెన్ను కింది కొస కిందికి. ముందే కలిపితే మళ్లీ కర్ర అయిపోతాం.

తర్వాత కదలిక. నేను చేసేది 1956లో చైనా క్రీడా శాఖ కూర్చిన ఇరవై నాలుగు భంగిమల వరస. చెయ్యి ముందుకి వెళ్లేటప్పుడు పెంగ్ ఉండటం తేలిక, చెయ్యి వెనక్కి ఒంటి దగ్గరికి వచ్చేటప్పుడు మోచెయ్యి డొక్కకి అతుక్కుపోతుంది, అక్కడ పోతుంది. ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మారే క్షణంలో కూడా పోతుంది. అందుకే అంత నెమ్మదిగా చెయ్యడం, వేగంగా చేస్తే ఎక్కడ పోయిందో తెలియదు.

తోడు మనిషి ఉంటే ఇంకా మేలు. తోసేవాళ్లు ఒక్కసారిగా కాకుండా పావుకేజీ, అరకేజీ, కేజీ అన్నట్టు పెంచాలి. భుజం బిగిసిన క్షణంలోనే మనం "ఆపు" అనాలి. గెలవడానికి చేస్తే పది నిమిషాల్లో రెండు గొర్రెపోతుల పోరు అయిపోతుంది. ముట్టుకోకుండానే శిష్యుల్ని ఎగరగొట్టే వీడియోలు కూడా ఉన్నాయి, వాటిని నేను నమ్మను. పెంగ్ తెలిసేదే స్పర్శలో, నీళ్లూ పడవా తగులుకోకుండా మొయ్యడం ఎక్కడుంది?

తమ్ముడు వెళ్లే ముందు రోజు పొద్దున్న తనూ నిలబడతానన్నాడు. నాలుగో నిమిషానికి వాడి భుజాలు లేచిపోయాయి. వెనక్కి వెళ్లి రెండు భుజాల మీదా రెండేసి వేళ్లు పెట్టాను, నొక్కలేదు. కాసేపటికి అవే దిగాయి, ఊపిరి బయటికి వచ్చింది. మళ్లీ లేచాయి, మళ్లీ వేళ్లు పెట్టాను. తర్వాత వాడు నా ఎడమ ముంజేతి మీద తోస్తే నేను పిట్టగోడ దాకా వెళ్లిపోయాను, ఆ వైపు ఇంకా రాలేదు. ఉగాదికి వస్తానన్నాడు.