పర్యావరణ పాఠానికి నిధులు: ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

ప్రభుత్వ పాఠశాలల నుంచి పర్యావరణ విద్య పేరుతో వెళ్లే ప్రతిపాదనల్లో ఎక్కువగా కనిపించేవి మొక్కలు, ట్రీగార్డులు, ఫ్లెక్సీలు, ప్రపంచ పర్యావరణ దినమైన జూన్ 5న జరిపే ర్యాలీకి అయ్యే ఖర్చులే. అవి వద్దని నేను అనను. అయితే ఆ సొమ్ములో తరగతి గదిలోని పాఠానికి చేరేది దాదాపు ఏమీ ఉండదు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని చెప్పింది. కాబట్టి నిధులు అడిగేటప్పుడు కూడా బోధనకే, అంటే పిల్లలు స్వయంగా కొలిచి, రాసి, లెక్కగట్టి, ప్రశ్నించడానికి కావలసిన వాటికే అడగాలన్నది సైన్సు ఉపాధ్యాయుడిగా నా గట్టి అభిప్రాయం.

బయటివారి తలుపు తట్టడానికి ముందు, బడికి హక్కుగా రావలసిన డబ్బు సంగతి చూసుకోవాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2001-02లో మొదలుపెట్టిన నేషనల్ గ్రీన్ కోర్ పథకం కింద బడిలోని ఎకో క్లబ్బుకు, అంటే విద్యార్థుల పర్యావరణ సంఘానికి, ఏడాదికి 1,000 రూపాయలు ఇచ్చేవారు. అది తరువాత 2,500కు, ఆపైన 5,000కు పెరిగింది. పాఠశాల విద్య కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకంలో యూత్, ఎకో క్లబ్బుల కోసం ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 15,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు కేటాయించే వీలుంది. పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఇన్‌స్పైర్ మనక్‌కు ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు నేరుగా ఆ విద్యార్థి ఖాతాలోనే పడతాయి. ఎకో క్లబ్బు నిధి బడి ఖాతాకు ఎప్పుడు చేరిందో, ఏ పద్దు కింద చేరిందో ప్రధానోపాధ్యాయులను అడిగి తెలుసుకోవడం సైన్సు ఉపాధ్యాయుల బాధ్యత. అడిగేవారు లేకపోతే ఆ సొమ్ము ఆర్థిక సంవత్సరం చివర్లో హడావుడిగా ఏదో ఒకదానికి ఖర్చవుతుంది, లేదా మురిగిపోతుంది.

ఇక ప్రతిపాదనలో ఏమి రాయాలన్నది అసలు విషయం. మా ప్రకాశం జిల్లానే తీసుకుందాం. మన దేశంలో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను వంచేసే ఫ్లోరోసిస్‌ జబ్బును వైద్యులు తొలిసారి వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం అని పేరు పెట్టారు. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా బోరు నీళ్ల భయం పోని ఇలాంటి చోట, "విద్యార్థుల్లో పర్యావరణ స్పృహ పెంపొందించుట" అని లక్ష్యం రాస్తే చదివే అధికారికి ఏమీ బోధపడదు. "తొమ్మిదో తరగతి విద్యార్థులు గ్రామంలోని బోర్లు, కుళాయిల నీటిలో ఫ్లోరైడ్‌ను వేసవిలో ఒకసారి, వానలు వెలిసాక ఒకసారి పరీక్షించి, ఊరి పటం మీద గుర్తిస్తారు" అని రాస్తే మాత్రం ఆ డబ్బు దేనికో వెంటనే కళ్లకు కడుతుంది.

ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. చిన్న గాజు గొట్టంలో గీత వరకు నీళ్లు పోసి కిట్‌లోని ద్రావణం చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ లేని నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ రంగు పసుపువైపు మళ్లుతుంది. రంగుల పట్టీ పక్కన పెట్టి అంకె చూసుకోవాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. తమ ఇంటి బిందెలోని నీళ్లు పసుపుకు తిరగడం చూసిన పిల్లకు రసాయన శాస్త్రం, ఎముకల పాఠం, లెక్కల్లో సగటు, సాంఘికంలో పటం ఒకేసారి అవసరమవుతాయి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు ఇటువంటి కిట్లతో శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉంది. అలా శిక్షణ పొందిన మహిళను బడికి పిలిచి ఆమె చేతనే మొదటి పాఠం చెప్పిస్తే అందుకు ఖర్చు ఉండదు, పైగా ప్రతిపాదనకు బలం వస్తుంది. కిట్లు, అయిపోయిన ద్రావణాలు మళ్లీ కొనడం, ఒక వర్షమాపకం, పటాల ముద్రణ, పిల్లలను జిల్లా నీటి ప్రయోగశాలకు తీసుకెళ్లి రావడానికి బస్సు ఖర్చు: వ్యయ అంచనాలో ఉండవలసినవి ఇవే.

ఇంతకు మించి సొమ్ము కావాలంటే సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత నిధి, ఉంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. ఆ సొమ్ము ఏయే పనులకు వెచ్చించవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో విద్య, పర్యావరణం రెండూ ఉన్నాయి. తాము పనిచేసే పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది కనుక, హైదరాబాదులోని పెద్ద పేర్లకు ఉత్తరాలు రాసే ముందు మన జిల్లాలో ఏయే కంపెనీలు నడుస్తున్నాయో చూడాలి. స్వచ్ఛంద సంస్థ ద్వారా పని జరిగేటట్లయితే ఆ సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు (సీఎస్ఆర్ పనులు చేపట్టేందుకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద చేసుకునేది) ఉందో లేదో ముందే అడగాలి. 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. చీమకుర్తి గ్రానైట్ వంటి గనులున్న చోట గనుల యజమానులు చెల్లించే సొమ్ముతో ఏర్పడే జిల్లా ఖనిజ నిధిని కూడా మరవకూడదు. తాగునీరు, పర్యావరణ పరిరక్షణ, విద్య మూడూ ఆ నిధికి అధిక ప్రాధాన్య రంగాలు కాబట్టి, పైన చెప్పిన నీటి పరీక్షల ప్రతిపాదన మూడింటికీ తగులుతుంది. పేరెంట్స్ కమిటీ తీర్మానం, యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే గుర్తింపు సంఖ్య), వ్యయ అంచనా జతచేసి మండల విద్యాశాఖాధికారి ద్వారా కలెక్టరుకు పంపుకోవాలి.

విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు స్వచ్ఛంద సంస్థ ద్వారా సాయం చేస్తామంటే ఒక జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్నవారు ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే వస్తుంది, అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి.

సొమ్ము అందిన రోజు నుంచే ఓచర్లు, క్యాష్‌బుక్, స్టాకు రిజిస్టరు ఒక చోట ఉంచాలి. వినియోగ ధ్రువపత్రంతో పాటు పిల్లలు నింపిన నీటి పట్టిక నకలు కూడా పంపాలి, ఎందుకంటే ప్రారంభోత్సవం ఫొటోలు ఇచ్చినవారికి ఖర్చును చూపిస్తాయి గానీ ఆ డబ్బుతో ఏమి నేర్చుకున్నారో చూపించలేవు. అదే పట్టిక మరొక ప్రతిని పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ఇవ్వాలి. ఎక్కడైనా 1.5 దాటిన బోరు కనబడితే ఆ నీటిని అధికారిక ప్రయోగశాలలో మళ్లీ పరీక్షించమని పేరెంట్స్ కమిటీ చేతనే రాతపూర్వకంగా అడిగించాలి.