పాలకుర్తి, బమ్మెర, వల్మిడి: పద్యం చేతబట్టుకుని వెళ్లే యాత్ర

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఒకదానికొకటి దగ్గర్లోనే మూడు ఊళ్లున్నాయి. బసవ పురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, భాగవతం తెనిగించిన పోతన పుట్టిన బమ్మెర, వాల్మీకి మహర్షి పేరు చెప్పుకునే వల్మిడి. 2016లో జిల్లాలు విడదీయక ముందు ఇదంతా వరంగల్ జిల్లానే. దర్శనాలు చేసుకుని రావడమే అయితే మూడూ ఒక పూటలో అయిపోతాయి. కానీ ఇక్కడికి అలా వెళ్లి వస్తే వెలితిగానే ఉంటుంది. ఈ మహానుభావులు మనకిచ్చింది మాట. ఆ మాటను వాళ్ల ఊళ్లో కూర్చుని నోరారా చదువుకోవాలి. అందుకే మా పారాయణ బృందం బయల్దేరకముందే ఎక్కడ ఏది చదవాలో ఖాయం చేసుకుంది. పాలకుర్తిలో బసవ పురాణం నుంచి బెజ్జ మహాదేవి కథ, బమ్మెరలో గజేంద్ర మోక్షం, వల్మిడిలో సంక్షేప రామాయణం.

వరంగల్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా పాలకుర్తి సుమారు 50 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు ఘన్‌పూర్‌లోనో జనగామలోనో దిగి బస్సు ఎక్కవచ్చు. పాలకుర్తి నుంచి మిగతా రెండు ఊళ్లకు ఆటో మాట్లాడుకోవడం మేలు, అదీ రోజంతటికీ. దింపేసి వెళ్లిపొమ్మంటే పారాయణం అయ్యేసరికి తిరుగు బండి కోసం రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది. ఆ తొందర మనసులో ఉంటే గజేంద్రుడి మొర సగంలోనే పరుగందుకుంటుంది. మధ్యాహ్నం భోజనం, మంచినీళ్లు వెంట తీసుకెళ్లడమే క్షేమం.

మొదట పాలకుర్తి గుట్ట ఎక్కాలి, ఎండ ముదరకముందే. క్షీరగిరి అంటారు దీన్ని. గుట్ట మీది గుహల్లో ఒకచోట సోమేశ్వరుడు, పక్కనే లక్ష్మీనరసింహస్వామి కొలువున్నారు. బండల మధ్య చీలిక వెంట సాగే ప్రదక్షిణ దారికి ఒక స్థలపురాణం ఉంది. గుట్ట చుట్టూ తిరిగి ప్రదక్షిణ చేయలేని ముసలి భక్తురాలి కోసం స్వామే బండను చీల్చి దారి ఇచ్చాడంటారు. దారి ఇరుకు. సంచీలు వీపున వేసుకోకుండా చేత పట్టుకుని, పెద్దవాళ్లను ముందు నడవనిచ్చి వెనక వెళ్లాలి. ఎండాకాలం పది దాటితే రాయి కాళ్లు కాలుస్తుంది.

పారాయణం గుహలో పెట్టుకోకూడదు. దర్శనానికి వచ్చేవాళ్లకు అడ్డం, పైగా గొంతు మారుమోగి మాట స్పష్టంగా వినబడదు. అర్చకస్వామిని అడిగి బయట నీడపట్టున కూర్చున్నాం.

సోమనాథుడు 13వ శతాబ్దివాడు. పెద్ద పెద్ద గద్యపద్యాల కన్నా జాను తెనుగు, అంటే సులువైన మాటల తెలుగు, సరసమైనదనీ, అందరికీ అందుతుందనీ చెప్పి మరీ రెండేసి పాదాల ద్విపద పట్టుకున్నాడు. ద్విపద చదువుకునేది కాదు, పాడుకునేది. పాదానికి మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం (గణమంటే లఘుగురువుల చిన్న గుంపు; ఇంద్ర గణం పెద్దది, సూర్య గణం చిన్నది), అంతే. బెజ్జ మహాదేవి కథలో ఈ పాదం చూడండి:

తల్లి గల్గిన నేల తపసి గానిచ్చు

తల్లిగ, ల్గిననేల, తపసిగా, నిచ్చు. నాలుగు విరుపులు. మూడో విరుపు మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత కలిసే అక్షరం: 'తల్లి'కి 'తపసి' పలుకుతుంది. శివుడికి తల్లి లేదన్న బెంగ ఆ మహాతల్లిది. తల్లి ఉంటే జడలు కట్టనిచ్చేదా, విషం తాగనిచ్చేదా, పాములు చుట్టుకోనిచ్చేదా, బూడిద పూసుకోనిచ్చేదా అని వాపోయి, తానే తల్లయి పసిబిడ్డకు చేసినట్టు ఆయనకు సేవ చేస్తుంది. వరసగా పాదం వెంట పాదం 'తల్లి' అనే ఎత్తుకుంటుంది కాబట్టి పుస్తకం లేనివాళ్లు కూడా ఆ మాట దగ్గర గొంతు కలపగలరు. ఒకరు పాదం అనాలి, మిగతావాళ్లు తర్వాతి పాదం అందుకోవాలి. ఈ కథకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

చెడేది ఎక్కడంటే శ్రుతి దగ్గర. చెప్పే మనిషి ఉత్సాహం కొద్దీ పైశ్రుతిలో ఎత్తుకుంటే పెద్దవాళ్ల గొంతులు పదో ద్విపదకే ఆగిపోతాయి. కింది శ్రుతిలో మొదలుపెట్టాలి, ఎలాగూ అది తనంత తానే పైకి జరుగుతుంది. ఇంకొకటి, రెండు పాదాలూ ఒకే ఊపిరిలో లాగేయకూడదు. చివరి సూర్య గణం దగ్గర చిన్న నిలుపు లేకపోతే ద్విపద వచనంలా వినిపిస్తుంది. నిదానంగా పాడితే వంద ద్విపదలకు పావుగంట చాలు.

తర్వాత బమ్మెర. పోతన సమాధి అనీ, ఆయన దున్నిన పొలమనీ, బావి అనీ ఊరివాళ్లు ఆప్యాయంగా చూపిస్తారు. అక్కడ ముందుగా భాగవతం అవతారిక, అంటే పీఠిక, చదవాలన్నది నా గట్టి అభిప్రాయం. చాలామంది నేరుగా గజేంద్ర మోక్షానికి వెళ్లిపోతారు. అవతారికలో పోతన తన మాటల్లోనే చెప్పుకున్న ఘట్టం ఉంది. చంద్రగ్రహణం నాడు గంగలో స్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చుని మహేశ్వరుణ్ణి ధ్యానిస్తున్నాడు. కళ్లముందు నిలిచింది రామభద్రుడు. భాగవతం తెనిగించమని ఆజ్ఞ ఇచ్చిందీ ఆయనే. శివధ్యానంలో ఉన్నవాడికి రాముడు కనబడ్డాడు! పోతనది శైవ కుటుంబం. వీరభద్ర విజయం అనే తన కావ్యంలో తన గురువు ఇవటూరి సోమనారాధ్యుడని చెప్పుకున్నాడు. ఆ గురువు నేర్పిన శివభక్తిని పక్కన పెట్టి భాగవతం రాయలేదు. అవతారికలోనే ఈ పద్యమూ ఉంది:

చేతులారంగ శివునిఁ బూజింపఁడేని
నోరు నొవ్వంగ హరికీర్తి నుడువఁడేని
దయయు సత్యంబు లోనుగాఁ దలఁపఁడేని
కలుగనేటికిఁ దల్లుల కడుపుచేటు

పొద్దున గుట్ట మీద శివుణ్ణీ నరసింహుణ్ణీ పక్కపక్కన చూసి వచ్చి, బమ్మెర మట్టి మీద కూర్చుని ఈ పద్యం చదివితే ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పాలకుర్తి ముందు, బమ్మెర తర్వాత అన్న వరస మేం పట్టుబట్టి పెట్టుకున్నది ఇందుకే.

ఇక గజేంద్ర మోక్షం. భాగవతంలో ఎనిమిదో స్కంధం, అంటే ఎనిమిదో భాగంలోది. వచనాలతో సహా తొందర లేకుండా చదివితే గంట పైనే పడుతుంది. వచనాలు వదిలేసి పద్యాలే చదివే అలవాటు చాలాచోట్ల ఉంది, అలా చేస్తే ఏనుగు మడుగులో దిగింది మొదలు మొసలి పట్టుకున్న దాకా కథ తెగిపోతుంది. పద్యాల్లో అందరికీ కంఠతా వచ్చినవాటి దగ్గరే పొరపాట్లు ఎక్కువ. మత్తేభ వృత్తంలో ఉన్న ఒక పద్యం మొదటి పాదం ఇది:

సిరికిం జెప్పఁడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ డే

పాదం ముగిసింది కదా అని ఇక్కడ ఆగి 'సంధింపడే' అని ప్రశ్నలా అనేస్తారు. ఆ 'ఏ' తర్వాతి పాదానిది. 'సంధింపడు' దగ్గర నిలిపి, 'ఏ పరివారంబును జీరడు' అని కలుపుకోవాలి. లక్ష్మీదేవికి చెప్పడు, శంఖచక్రాలు చేత పట్టడు, ఏ పరివారాన్నీ పిలవడు. ఒక్కొక్క 'డు' దగ్గర చిన్న విరుపు పడితేనే స్వామి పరుగు చెవికి తెలుస్తుంది. 'లావొక్కింతయు లేదు' మాత్రం దీనికి ఎదురు. అది అలిసిపోయిన ప్రాణి మాట, గట్టిగా అరిచి చదవకూడదు. 'రావే యీశ్వర' దగ్గరికి వచ్చేదాకా గొంతు అణిచే ఉంచాలి.

బృందంలో ఎవరైనా అజామిళుడి కథ కూడా చదువుదామంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది ఆరో స్కంధంలోది, తెనిగించింది ఏర్చూరి సింగన. అయిదోది బొప్పరాజు గంగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. పోతన ఊళ్లో పోతన పద్యమే చదవాలనుకుంటే ధ్రువుడు, ప్రహ్లాదుడు, వామనుడు, రుక్మిణీ కల్యాణం ఉండనే ఉన్నాయి.

సాయంత్రం వల్మిడి. గుట్ట మీద సీతారాముల గుడి. వాల్మీకి ఇక్కడ తపస్సు చేశాడని ఈ ప్రాంతం నమ్మకం. రామాయణంలో ఆశ్రమం గంగకు దగ్గర్లో, తమసా తీరాన. ఈ రెంటినీ తూకం వేసే పని యాత్రికుడికి లేదు. సంక్షేప రామాయణం, అంటే బాలకాండ మొదటి సర్గ, చదివితే చాలు. నూరు శ్లోకాలు, పాతిక నిమిషాలు. శిష్యుడిగా వాల్మీకి అడగడం, గురువుగా నారదుడు చెప్పడం అందులోనే ఉంది. మొదటి శ్లోకంలో 'పరిపప్రచ్ఛ' అన్న మాట చాలామంది నోట 'పరిప్రపచ్ఛ' అవుతుంది, ముందే పదిసార్లు అనుకుని వెళ్లాలి. చీకటి పడకముందే కిందికి దిగేలా మొదలుపెట్టండి.

కార్తీకం నుంచి మాఘం దాకా ఈ యాత్రకు అనువైన కాలం. శివరాత్రికి పాలకుర్తిలో జాతర, శ్రీరామనవమికి వల్మిడిలో కల్యాణం. ఆ రోజుల్లో గుట్టల మీద పారాయణానికి చోటు దొరకదు, మైకుల మధ్య ద్విపద నిలవదు. పండగకే వెళ్లాలనుకునేవాళ్లు గుట్ట మీద దర్శనం చేసుకుని, పుస్తకాలు మాత్రం బమ్మెరలో విప్పాలి.