డెలివరీ రోబోను సైడ్‌వాక్ ఎక్కించాలంటే: వాషింగ్టన్ రాష్ట్రంలో నా అనుభవం

వాషింగ్టన్ రాష్ట్రంలో డెలివరీ రోబోను, అంటే సైడ్‌వాక్ (కాలిబాట) మీద వెళ్ళి భోజనం చేరవేసే చక్రాల యంత్రాన్ని, నడపడానికి ప్రభుత్వం అడిగే కాగితాలు తక్కువే. ఏటా లైసెన్సింగ్ శాఖకు ఒక స్వీయ ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి, ఇన్సూరెన్స్ పాలసీ ఉండాలి, రోబో మీద కంపెనీ పేరూ నంబరూ ఉండాలి. "మా యంత్రం చట్టంలో చెప్పినట్టే ఉంది" అని మనమే సంతకం పెడతాం. సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆ పత్రం చూసి ఇంతేనా అంటారు. కానీ రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ సంతకాన్ని నిలబెట్టేది మన దగ్గరున్న పరీక్షల రికార్డే. ఫీల్డ్ ఆపరేషన్స్‌లో నేను చూసేది ఆ పనే. ఏ వరసలో వెళ్తే సాగుతుందో, ఎక్కడ చెడుతుందో రాస్తాను.

ముందు చట్టం సంగతి. అమెరికాలో ఈ రోబోలకు హద్దులు గీసేది రాష్ట్రాలు. 2017లో వర్జీనియా మొదలుపెట్టింది. అదే ఏడాది ఐడహో, విస్కాన్సిన్, ఫ్లోరిడా, ఒహాయో చట్టాలు చేశాయి. వర్జీనియా తొలి చట్టంలో బరువు 50 పౌండ్లకు, వేగం గంటకు 10 మైళ్ళకు మించకూడదు. వాషింగ్టన్ 2019లో చేసిన చట్టంలో సరుకు కాకుండా బరువు 120 పౌండ్ల లోపు, అంటే సుమారు 54 కిలోలు. వేగం 6 మైళ్ళు, మన లెక్కలో పది కిలోమీటర్ల లోపే. పెన్సిల్వేనియా 2020లో ఏకంగా 550 పౌండ్ల దాకా ఒప్పుకుంది; సైడ్‌వాక్ మీద 12 మైళ్ళు, రోడ్డు మీద 25 మైళ్ళు. కాబట్టి "ఫలానా రాష్ట్రంలో పాసైంది" అన్న మాటకు పక్క రాష్ట్రంలో విలువ లేదు. ప్రతి చోటా ఆ చట్టం ముందు పెట్టుకుని మళ్ళీ కొలవాల్సిందే.

తూకంతో మొదలుపెట్టండి. డిజైన్ కాగితం మీద ఉండే బరువు వేరు, వీధిలోకి వెళ్ళే రోబో బరువు వేరు. బ్యాటరీ, జెండా కర్ర, లోపలి థర్మల్ సంచి, కప్పులు నిలబెట్టే ట్రే, వాన కవరు, అన్నీ బిగించాకే తూచాలి. సంచీ ట్రే సరుకు కిందికి వస్తాయని వాదించేవాళ్ళున్నారు. నా మట్టుకు నేను వాటిని యంత్రం బరువులోనే లెక్కేస్తాను, ఎందుకంటే డెలివరీ అయ్యాక కూడా అవి రోబోలోనే ఉంటాయి. బ్యాటరీ ప్యాక్ మారిస్తే మళ్ళీ తూకం. వేగానికీ ఇలాంటిదే ఒక చిక్కుంది. రోబో తన వేగాన్ని చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్న దాన్నిబట్టి లెక్కేసుకుంటుంది. అరిగిన టైరుతో సరిచూసిన యంత్రానికి కొత్త టైరు వేస్తే చుట్టుకొలత పెరుగుతుంది. తెర మీద 6 అని కనిపిస్తున్నా అసలు వేగం దాన్ని దాటుతుంది. టైరు మార్చిన ప్రతిసారీ టేపుతో కొలిచిన దూరం మీద స్టాప్‌వాచ్ పెట్టి వేగం సరిచూసి, సీరియల్ నంబరు పక్కన తేదీతో రాసి పెట్టాలి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది బ్రేకుల మీద. రోబో అదుపులో ఆగేలా బ్రేకులుండాలని వాషింగ్టన్ చట్టం చెబుతుంది కానీ ఎన్ని అడుగుల్లో ఆగాలో చెప్పదు. ఆ అంకె మనమే పెట్టుకోవాలి. 6 మైళ్ళ వేగమంటే సెకనుకు 8.8 అడుగులు. పొడి కాంక్రీటు మీద, సమతలంలో, ఓ మోస్తరు బ్రేకు, అంటే 0.3 జీ (గురుత్వ త్వరణంలో పదింట మూడు వంతులు) చొప్పున వేగం తగ్గితే నాలుగు అడుగుల్లో ఆగుతుంది. తడి నేల మీద అది 0.2 జీకి పడిపోతే ఆరు అడుగులు. అదే తడిలో పన్నెండు అడుగులకు ఒక అడుగు వాలున్న ర్యాంపు దిగుతుంటే పదడుగులు దాటుతుంది. సియాటెల్ కొండ వీధుల్లో సైడ్‌వాక్ కూడా వీధితో పాటే దిగుతుంది. 15 శాతం వాలులో, వానలో, అదే వేగంతో వస్తే ఆగడానికి 24 అడుగులు కావాలి. బ్రేకుకు దొరికే పట్టులో చాలా భాగాన్ని వాలే తినేస్తుంది మరి. వేగాన్ని 2 మైళ్ళకు దించితే ఆ వాలులోనే మూడడుగుల లోపు ఆగుతుంది. అందుకే చట్టం 6 ఒప్పుకున్నా, మ్యాప్‌లో ప్రతి వాలుకూ విడిగా వేగ పరిమితి పెట్టుకోవాలి. తడి ఉన్నప్పుడు దాన్ని ఇంకా దించాలి. శరత్కాలంలో రాలిన మేపుల్ ఆకులు వానకు నాని నేలకు అంటుకుంటే తడి కాంక్రీటు కన్నా జారుతుంది. ఆ పరీక్షను ఆకులు రాలే కాలంలో, నిజం ఆకుల మీదే చేయాలి.

బ్రేకు పరీక్షల్లో తరచుగా వదిలేసేవి రెండున్నాయి. మొదటిది నిండు ఛార్జింగ్. ఈ యంత్రాల్లో చాలావాటికి మోటారే బ్రేకు, ఆగేటప్పుడు పుట్టే కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. బ్యాటరీ నూరు శాతం నిండి ఉంటే ఆ కరెంటుకు చోటుండదు, కంట్రోలర్ బ్రేకును తగ్గించేస్తుంది. పొద్దున్నే డిపో నుంచి బయటికొచ్చి మొదటి వాలు దిగేటప్పుడే బ్రేకు బలహీనంగా ఉండటానికి కారణం ఇదే. 90 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేయండి, లేదా ఆ కరెంటును కాల్చేసే రెసిస్టర్ పెట్టించండి. రెండోది కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్నది. వాలులో బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి చూడాలి. కరెంటు ఉన్నంతసేపు వదిలి ఉండి, పోగానే స్ప్రింగు బలంతో బిగుసుకునే బ్రేకు ఉంటే రోబో అక్కడే నిలుస్తుంది. లేకపోతే దొర్లుకుంటూ కిందికి వస్తుంది. ఈ పరీక్ష పాసవ్వని యంత్రాన్ని నేను వీధిలోకి పంపనివ్వను. సరుకును తూకం నుంచి చట్టం మినహాయించింది గానీ బ్రేకు పరీక్షలో సరుకు పెట్టె నిండుగా ఉండాల్సిందే.

లైట్లు సులువు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు నడిపితే ముందూ వెనకా లైట్లు ఉండి, 500 అడుగుల దూరానికి కనిపించాలి. డిసెంబరులో సియాటెల్‌లో నాలుగున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, రాత్రి భోజనం డెలివరీలన్నీ చీకట్లోనే. టైమర్లు, సెన్సర్లు ఎందుకు, పగలూ రాత్రీ లైట్లు వెలిగే ఉండేలా పెట్టేయండి. మూత తెరిచినప్పుడు వెనక లైటు దాని చాటున పడిపోతుందేమో మాత్రం చూడండి.

గుర్తింపు ఫలకం మీద కంపెనీ పేరు, సంప్రదించే వివరాలు, ఆ రోబోకే చెందిన నంబరు ఉండాలి. క్యూఆర్ కోడ్ అతికించి పని అయిపోయిందనుకోవద్దు. దారికి అడ్డంగా రోబో నిలిచిపోతే, ఫోన్ తీసి స్కాన్ చేసే ఓపిక ఎవరికుంటుంది? అంగుళం ఎత్తు అక్షరాలతో, నాలుగు వైపులా, ఫోన్ నంబరు ఉండాలి. ఆ నంబరుకు చేస్తే మనిషి పలకాలి. పలికిన మనిషికి రోబో నంబరు చెప్పగానే దాన్ని అక్కణ్ణుంచి కదిలించే అధికారం ఉండాలి. రోబోలు నడిచే వేళల్లో బయటి నుంచి మీరే ఫోన్ చేసి పరీక్షించుకోండి.

రోబో తనంతట తాను నడిచేదైనా, ఒక ఆపరేటరు దాన్ని నడపడమో గమనించడమో చేస్తూ ఉండాలని చట్టం అంటుంది. దూరం నుంచి చూసే ఆపరేటరుకు కెమెరా దృశ్యం చేరడానికి, అతని ఆదేశం తిరిగి రావడానికి సెకనులో మూడో వంతు పట్టిందనుకుందాం. ఆ లోపే పూర్తి వేగంలో రోబో మూడడుగులు ముందుకు వెళ్ళిపోతుంది. అందుకని హఠాత్తుగా ఆగే పని ఆపరేటరుకు వదలకూడదు, అది రోబోలోనే ఉండాలి. సిగ్నల్ పోతే ఆగిపోవాలని సాఫ్ట్‌వేర్‌లో రాస్తారు. ఎక్కడ ఆగాలో కూడా రాయాలి, లేదంటే నడిరోడ్డు మీద జీబ్రా గీతల మధ్య ఆగుతుంది. మా నియమం ఇది: నెట్‌వర్క్ బాగున్నప్పుడు, అవతలి ర్యాంపు ఖాళీగా కనిపించినప్పుడే రోడ్డు దాటడం మొదలుపెట్టాలి. ఒకసారి దిగాక లింకు తెగినా ఆపకుండా అవతలికి చేరాలి. నడిచే మనుషుల సిగ్నల్ సమయాన్ని సెకనుకు మూడున్నర అడుగుల నడకతో లెక్కిస్తారు. అరవై అడుగుల రోడ్డుకు పదిహేడు సెకన్లు వస్తుంది. 4 మైళ్ళ వేగంతో రోబోకు పది సెకన్లు చాలు. అయినా సిగ్నల్‌లో ఆగమనే చెయ్యి గుర్తు మెరవడం మొదలైతే దిగకూడదు. ముందు నడిచే పెద్దాయన నెమ్మదిగా వెళ్తుంటే రోబో ఆయన వెనకే వెళ్ళాలి కాబట్టి ఆ మిగులు సమయం కరిగిపోతుంది.

ఇక కర్బ్ ర్యాంపు, అంటే సైడ్‌వాక్ నుంచి రోడ్డు మీదికి దిగే వాలు. ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం ఇదే. పాదచారులకు, సైకిళ్ళకు, వాహనాలకు అనుచితంగా అడ్డురాకూడదని చట్టంలో ఒక్క వాక్యం ఉంది. దానికి అంకె లేదు, కొలత లేదు. 2019 అక్టోబరులో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం దగ్గర చక్రాల కుర్చీలో రోడ్డు దాటుతున్న విద్యార్థినికి అవతలి ర్యాంపు మీద సిగ్నల్ కోసం నిలబడ్డ రోబో అడ్డమైంది. సిగ్నల్ మారిపోతోంది, ఆమె ఇంకా రోడ్డు మీదే ఉంది. విశ్వవిద్యాలయం ఆ ప్రయోగాన్ని అప్పటికి ఆపేసింది. ఆ రోబో బరువులోనో వేగంలోనో వచ్చిన తేడా కాదిది. అది ఆగిన చోటు తప్పు. నడిచేవాళ్ళకు ర్యాంపు ఒక సౌకర్యం. చక్రాల కుర్చీకి రోడ్డు మీంచి బయటపడే దారి అదొక్కటే.

కాబట్టి వేచి ఉండే చోటును మూల మూలకూ మ్యాప్ మీద విడిగా గుర్తించాలి. ర్యాంపు మీద గానీ, దాని పైన కుర్చీ మలుపు తిరిగే సమతలం మీద గానీ, చూపులేనివారికి అంచు తెలియడానికి వేసే బొడిపెల పలక మీద గానీ, సిగ్నల్ బటన్ ముందు గానీ రోబో నిలబడకూడదు. ఇవన్నీ పోగా చాలా మూలల్లో నిలబడటానికి చోటే మిగలదు. అలాంటి మూలను మార్గంలోంచి తీసేసి పక్క వీధిని తీసుకోవాలి. దూరం పెరుగుతుంది, భోజనం కాస్త ఆలస్యమవుతుంది. వ్యాపారం వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పించాలి.

వెడల్పు కూడా అంతే. అమెరికా వికలాంగుల చట్టం ప్రమాణాల్లో నడిచే దారికి కనీస వెడల్పు 36 అంగుళాలు. దారి 60 అంగుళాల కన్నా సన్నగా ఉంటే, 200 అడుగులకు మించకుండా 60 అంగుళాల చోటు ఒకటి ఎదురు తప్పుకోవడానికి ఉండాలి. చక్రాల కుర్చీకి 30 అంగుళాలు లెక్క. రోబో వెడల్పు 22 అనుకుంటే రెండూ కలిసి 52. నాలుగడుగుల సైడ్‌వాక్ మీద ఇవి ఎదురైతే పక్కనుంచి వెళ్ళే మార్గమే లేదు. రోబో వెనక్కి రావాలి, అవసరమైతే వంద అడుగులైనా సరే, ఇంటి డ్రైవ్‌వే వచ్చేదాకా. వెనక కెమెరా, వెనక అడ్డంకి సెన్సర్ లేని యంత్రం ఈ పని చేయలేదు. ఎదుటి మనిషే పచ్చికలోకి దిగుతారులే అనుకుని రోబో కొనేటప్పుడు వెనక సెన్సర్ మానేయడం నా దృష్టిలో అన్యాయం. చెత్త బండి వచ్చే రోజు డబ్బాలతో సైడ్‌వాక్ ఇంకా సన్నబడుతుంది. వీధివారీగా ఆ రోజును కూడా మ్యాప్‌లో ఎక్కించాలి.

గాయమైనా, నిర్ణీత మొత్తాన్ని మించి ఆస్తి నష్టమైనా 48 గంటల్లో స్థానిక పోలీసులకు తెలపాలి. ఘటనకు ముందు వెనకల వీడియో, బ్రేకు, వేగం రికార్డులు అదే గంటలో విడిగా భద్రం చేయాలి. లేదంటే మామూలు పద్ధతిలో కొద్ది రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. 2022 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు టేపు కట్టిన చోట ఎవరో టేపు ఎత్తితే ఒక రోబో లోపలినుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పసుపు టేపు, ఫైరింజన్ గొట్టం, ఆంబులెన్స్ కనిపిస్తే ఎవరు దారి ఇచ్చినా సరే ఆగి వెనక్కి తిరగాలన్నది ఆపరేటర్ల బల్ల మీద కాగితమై ఉండాలి.

రాష్ట్రం ఒప్పుకున్నాక నగరంతో పనేముందని అడుగుతారు. శాన్‌ఫ్రాన్సిస్కో 2017 డిసెంబరులో కంపెనీకి మూడు, ఊరంతటికీ తొమ్మిది రోబోలే అని హద్దు పెట్టింది; వేగం 3 మైళ్ళు, 30 అడుగుల లోపు మనిషి ఉండాలంది. టొరంటో 2021 డిసెంబరులో సైడ్‌వాక్‌ల మీద వీటిని నిషేధించింది. నగర రవాణా విభాగానికి ముందే వెళ్ళి మార్గాల మ్యాప్, ఫోన్ నంబరు ఇచ్చి, వికలాంగుల సంఘాల వారిని పరీక్షకు పిలిచి వాళ్ళ ముందే ర్యాంపుల దగ్గర నడిపి చూపిస్తే, ఆఫీసులో కూర్చుంటే దొరకని లోపాలు అక్కడ దొరుకుతాయి.

చివరికి పత్రం. కంపెనీ రాష్ట్రంలో నమోదై ఉండాలి, బయటి కంపెనీ అయితే రాష్ట్రంలో చట్టపరమైన నోటీసులు అందుకునే ఏజెంటు కావాలి. ఇన్సూరెన్స్ కనీసం లక్ష డాలర్ల జనరల్ లయబిలిటీ, అంటే మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి. మామూలు వ్యాపార పాలసీలో తనంతట తాను నడిచే యంత్రాలను మినహాయిస్తూ షరతు ఉండొచ్చు, కాబట్టి రోబోలకు వర్తిస్తుందని పాలసీలోనే రాయించుకోండి. పాలసీ ఒక నెలలో, ధ్రువీకరణ మరో నెలలో ముగిస్తే, మధ్యలో పాలసీ నంబరు మారి దాఖలు చేసిన పత్రంలో పాతదే ఉండిపోతుంది. రెండు గడువులూ ఒకే నెలలోకి వచ్చేలా మొదటి ఏడాదే బ్రోకరుతో సర్దుకోండి.