ఆటో స్టార్టర్ అలవాటు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో తలుపులు, కిచెన్ అల్మారాలు చేసే వర్క్‌షాపులో నేను మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ని. ఊరు కనిగిరి పక్కన. మా మేనత్త కొడుక్కి అక్కడ గుమ్మాలు, పూజ మందిరాలు చెక్కే షెడ్డుంది. నగిషీ పని కోసం కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ రూటర్ సొంతంగా కట్టుకున్నాడు. ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో మిషన్ని నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్, మూడు వైపులా స్టెప్పర్ మోటార్లు, వేగం మార్చే వీఎఫ్‌డీతో బిట్టుని తిప్పే స్పిండిల్. హద్దు దాటకుండా మిషన్ని ఆపే లిమిట్ స్విచ్‌లు, ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం చివరికి మిగిలాయి. సెలవు రోజుల్లో వీడియో కాల్‌లో నేను చెప్పడం, వాడు తీగలు బిగించడం.

లిమిట్ స్విచ్‌లన్నీ ఎన్‌ఓ కాళ్లకి, అంటే మామూలుగా తెరిచుండి తగిలితే కలిసేవాటికి, బిగించి చూపించాడు. "తగిల్తే కలుస్తది, మిషన్ ఆగుద్ది. ఇంకేం కావాల బావా?"

"షెడ్డులో ఎలకలు లేవా?" అన్నాను.

ఎలక తీగ కొరికినా, స్క్రూ వదులైనా ఎన్‌ఓ స్విచ్ ఆ సంగతి చెప్పదు. స్పిండిల్‌ని మోసే గాంట్రీ చివరికెళ్లి గుద్దుకున్నాకే తెలుస్తుంది. ఎన్‌సీ అయితే మామూలుగా కలిసుండి, తగిలితే తెరుచుకుంటుంది. అందుకే తీగ తెగడం, స్విచ్ తగలడం కంట్రోలర్‌కి ఒకటే. రెండింటికీ ఆగిపోతుంది. ఒక్కో వైపున్న రెండు స్విచ్‌లని సిరీస్‌లో కలిపి, జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో లిమిట్ సంకేతాన్ని తిరగేసే $5ని 1 చేస్తే సరి. దానికి వాడు తొందరగానే ఒప్పుకున్నాడు.

అసలు పేచీ ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర వచ్చింది. మా వైపు బోరు మోటార్లకి ఆటో స్టార్టర్లుంటాయి. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినా మోటారు దానంతట అదే ఎత్తుకుంటుంది. రైతుకి నిద్ర మిగులుతుంది. రూటర్ కూడా అట్టాగే ఉండాలంటాడు వాడు. కరెంటు పోయినప్పుడు వీడు బిట్టు మారుస్తుండగా అది తిరిగొస్తే? మామూలు స్టార్టర్ పద్ధతే కావాలని పట్టుబట్టాను: ఆకుపచ్చ బటన్ నొక్కితేనే మిషన్‌కి కరెంటిచ్చే కాంటాక్టర్ పట్టాలి, కరెంటు పోతే వదిలేయాలి, మళ్లీ నొక్కేదాకా కదలకూడదు. ఎమర్జెన్సీ ఎర్ర బటన్ కూడా ఆ కాంటాక్టర్ కాయిల్ లైన్లోనే రావాలి. బటన్ తిప్పి వదిలినంత మాత్రాన మిషన్ నడవకూడదని ఐఎస్‌ఓ 13850 కూడా అంటుంది. ఆర్డ్యునో పిన్నుకి ఒక్క తీగ లాగి ఎమర్జెన్సీ అనుకుంటే కుదరదు. ప్రోగ్రామ్ బిగుసుకుపోయినప్పుడే కదా దాని అవసరం!

పిల్లలు నొక్కుతారని బటన్‌ని ప్యానెల్ పెట్టె లోపల పెడతానన్నాడు. ఇక్కడ మా దగ్గర పసుపు పలక మీద ఎర్ర బటన్ ఎవరికైనా అందేలా ఉంటుంది. నిన్న చేరిన హెల్పర్, హిందీ రానివాడు కూడా నొక్కొచ్చు. ఫోర్‌మన్ ముందు మిషన్ చూస్తాడు, మనిషిని తర్వాత అడుగుతాడు. గల్ఫ్‌లో అంతా పద్ధతిగా ఉంటుందని కాదు, మిషన్ తలుపు తెరిస్తే ఆపే డోర్ స్విచ్‌కి టేపు చుట్టి నడిపినవాళ్లనీ ఇక్కడే చూశాను. పిల్లలు నొక్కితే పాడయ్యేది ఒక చెక్క, అంతే కదా.

తర్వాత ఇంకో తలనొప్పి. స్పిండిల్ ఆన్ చేయగానే ఏ స్విచ్చూ తగలకుండానే లిమిట్ అలారం. విసుగొచ్చి స్విచ్‌లని తప్పించి జంపర్ తీగ వేసేస్తానన్నాడు. వీఎఫ్‌డీ కేబులూ స్విచ్ తీగలూ ఒకే గొట్టంలో పోతున్నాయి మరి, దాని ఎలక్ట్రికల్ గోల వీటికెక్కుతోంది. వేరు చేయించాను. స్విచ్ తీగలకి షీల్డ్ కేబుల్ వేసి, ఆ షీల్డ్‌ని ఒక్క కొసలోనే ఎర్త్ చేయమన్నాను. స్విచ్‌లకి 24 వోల్టులిచ్చి, వెలుతురుతో సంకేతం దాటించే ఆప్టోకప్లర్ మీదుగా ఆర్డ్యునోకి తెచ్చాం. ఎర్త్ గుంత చూపించమంటే ఎండిపోయి ఉంది. కనిగిరి ఎండలకి ఉప్పూ బొగ్గూ వేసి వదిలేస్తే చాలదు, నీళ్లు పోస్తుండాలి. అది అత్తకి అప్పజెప్పాడు.

ఇప్పుడు కొత్త గొడవ: ఎర్ర బటన్ నొక్కితే మోటార్ల పట్టు వదిలి, స్పిండిల్ బరువుకి జడ్, అంటే పైకీ కిందికీ నడిచే భాగం, కిందికి జారుతోంది. బాల్ స్క్రూ కదా, పట్టి ఉంచదు. జడ్ మోటారుకి కరెంటు ఉంచేద్దామంటాడు వాడు. బ్రేకున్న మోటారు వేయమంటాను నేను. ధర విన్నాక స్ప్రింగు కట్టి చూస్తున్నాడు.